మేత బీడును మూసేదెప్పుడు, తెరిచేదెవరు: అనంతపురం జిల్లాలో ఒక గ్రామం అనుభవం

ఈ కేస్ స్టడీ అనంతపురం జిల్లా పడమటి అంచులో, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉన్న ఒక గ్రామానిది. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు. ఇందులో కొందరి ఆక్రమణల ప్రస్తావన ఉంది, మరికొందరు నన్ను నమ్మి చెప్పిన మాటలున్నాయి. ఊరికి ఉత్తరంగా ఒక రాళ్ల గుట్ట, దాని చుట్టూ వాలు నేల, ఆ కిందుగా వేరుశనగ చేలు ఉన్నాయి. గుట్టా వాలూ ఊరి భూముల రికార్డు అయిన అడంగల్‌లో కొంత మేత పోరంబోకుగా (ఊరి పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ నేల), కొంత గయాలుగా (సాగు వదిలేసిన నేల) నమోదైనా ఊళ్లో అందరూ పిలిచేది మాత్రం బీడు అనే. వాటర్‌షెడ్ పథకం (వాన నీటినీ మట్టినీ నిలిపే ప్రభుత్వ పథకం) కింద ఈ బీడు మీద పనులు మొదలైనప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున గ్రామస్తులను కూడగట్టే బాధ్యత నాది. పథకం గురించి రైతులు ఏమనుకుంటున్నారో ముందుగా తెలుసుకోవాలన్నది నా పనుల పట్టికలో మొదటి అంశం. ఆ అంశాన్ని నేను మొదట ఎంత తేలికగా కొట్టేశానో, తర్వాత దానికి ఎంత మూల్యం పడిందో, చివరికి ఏ మేరకు దిద్దుకోగలిగామో ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రాంతపు మేత సంగతి తెలియనివారికి ముందుగా ఒక విషయం చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. పదునైతే జూన్, జూలై నెలల్లో వేరుశనగ విత్తుతారు, కార్తీకం నాటికి పీకుతారు. పంట నేల మీద ఉన్నంత కాలం గొర్రెకు చేలో చోటు లేదు, బీడే దిక్కు. పంట పీకాక చేలన్నీ తెరుచుకుంటాయి. రాలిన ఆకు, గట్ల మీది గడ్డి, కంది మోళ్లు మేస్తూ మంద చేల మీదే తిరుగుతుంది. రైతులు పెంట ఎరువు కోసం కాపరిని పిలిచి తమ చేలో మంద పెట్టించుకుంటారు, రాత్రికింత అని గింజలో డబ్బో ఇస్తారు. ఎండాకాలంలో తుమ్మకాయలు, రేగు కంపలు, అవీ చాలకపోతే తుంగభద్ర కాలువల కిందికి మందలు తోలుకపోవడం. అంటే బీడు మీద మేత బరువు పడేది సరిగ్గా వానాకాలంలోనే. గడ్డి మొలిచి, గుబురు కట్టి, గింజ పట్టి, ఆ గింజను నేలకు రాల్చుకునేదీ ఆ నెలల్లోనే. గడ్డికి విశ్రాంతి కావలసిన రోజులూ, గొర్రెకు ఆ గడ్డి తప్ప మరో దారి లేని రోజులూ ఒకటే. మేత భూముల సంరక్షణ పథకాలపై ఇక్కడి రైతులు చెప్పే అభ్యంతరాలలో చాలావరకు ఈ ఒక్క ముడి నుంచి పుట్టినవేనని నా అభిప్రాయం.

గొర్రెల సంఖ్య తక్కువేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. 1.9 కోట్లతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంటే, దాని వెనుకే మన రాష్ట్రం ఉంది. గొర్రెలు ఇన్ని ఉన్నా, అవి మేసే ఉమ్మడి నేల మాత్రం తరుగుతూ వచ్చింది. ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా గ్రామాలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా, 1950ల మొదటి నుంచి 1980ల మొదటి వరకు ఊరుమ్మడి భూముల విస్తీర్ణం ప్రాంతాన్ని బట్టి నూటికి 31 నుంచి 55 వంతుల వరకు తగ్గిందని 1986లో లెక్క చెప్పారు. ఆ అధ్యయనంలో మన రాష్ట్రపు గ్రామాలూ ఉన్నాయి. డి-పట్టాలు (భూమిలేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాగు పట్టాలు), ఆక్రమణలు, క్వారీలు, ఈ మధ్య గాలిమరలు, సౌర విద్యుత్ పార్కులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత పోరంబోకును గ్రామ పంచాయతీకి దఖలు పరిచింది. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టమూ తీర్పూ రెండూ ఉన్నా, రెవెన్యూ భాషలో బీడుకు ఉన్న పేరు మాత్రం 'బంజరు'గానే మిగిలింది. ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యే దేశపు బంజరు భూముల పటాల్లో కూడా బోడి మేత నేలలు బంజరు కిందికే వస్తాయి. వంద మందలు మేసే నేలను ఎందుకూ పనికిరాని నేలగా రాసుకున్నాక, దాన్ని 'అభివృద్ధి' చేయడానికి వచ్చినవాడు అందులో ఇప్పటికే ఎవరున్నారో అడగడు. నేనూ సరిగ్గా అడగలేదు.

మొదటి గ్రామసభ ఉదయం పదింటికి రచ్చకట్ట దగ్గర జరిగింది. గుట్ట వాలు మీద వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తు వెంట కందకాలు తవ్వుతామని, గట్ల మీద మొక్కలు నాటుతామని, స్టైలో అనే మేత మొక్క గింజ చల్లుతామని, మూడేళ్లు పశువులను రానీయకూడదని చెప్పాము. అందరూ సరేనన్నారు, తీర్మానం రాసుకున్నాము, వేలిముద్రలు పడ్డాయి. ఉదయం పదింటికి ఈ ఊళ్లో ఏ ఒక్క గొర్రెల కాపరీ ఇంటి దగ్గర ఉండడన్న సంగతి నాకు తెలియకపోవడానికి సాకు లేదు. సభలో కూర్చున్నవాళ్లు బోరు బావులున్న వేరుశనగ రైతులు, కూలి పని దొరుకుతుందని వచ్చిన ఆడవాళ్లు, పంచాయతీ సభ్యులు. గొర్రెల కాపరుల తరఫున అన్నట్టు ఒక కురుబ పెద్దమనిషి వచ్చాడు. ఆయన మంద అమ్మేసి ఎనిమిదేళ్లయిందని నాకు తర్వాత తెలిసింది.

కందకాల పని ఉపాధి హామీ కింద పెట్టారు. ఈ పథకం దేశంలో మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఇప్పటికీ మా ఊళ్లలో దాన్ని 'కరువు పని' అనే అంటారు. కరువు పనికి కందకం అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే దాన్ని టేపు పట్టి కొలవొచ్చు, ఘనపు మీటర్లలో లెక్క కట్టొచ్చు, ఎంత తవ్వితే అంత కూలి చూపొచ్చు. ఖర్చులో కూలికి కనీసం నూటికి 60 వంతులు పోవాలన్న నిబంధన కూడా అటువైపే తోసింది. గడ్డి గింజ చల్లడానికి ఒక పూట చాలు, బీడును నెలన్నర ఊరికే వదిలేయడానికి ఒక్క కూలి దినమూ అక్కరలేదు. గడ్డికి అన్నిటికంటే మేలు చేసే ఆ పనికి కొలతల పుస్తకంలో కాలమ్ లేదు. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, పనిని లెక్కించే పద్ధతిలోనే ఉన్న వంపు.

ఆ వంపు నేల మీద ఎలా కనిపిస్తుందో నాకు చూపించినవాడు డెబ్బై దాటిన ఒక కాపరి. కందకాలు పూర్తయిన ఏడాది, మొదటి వానల తర్వాత ఒకరోజు ఆయన నన్ను మంద వెంట రమ్మన్నాడు. డెబ్బై, ఎనభై గొర్రెలు బారుగా వాలెక్కుతున్నాయి. మొదటి కందకం దగ్గర ముందు నడుస్తున్న పొట్టేలు ఆగింది. మూతి కిందికి వంచి నీళ్ల వాసన చూసింది, వెనక్కి తిరిగింది, కందకం అంచు పట్టుకుని పక్కకు నడవడం మొదలుపెట్టింది. మంద మొత్తం దాని వెనకే ఒకే వరుసలో నడిచింది. ఒక ఫర్లాంగు దూరంలో, రాతిబండ అడ్డొచ్చి కందకం తవ్వకుండా వదిలేసిన సందు ఉంది. ఆ ఒక్క సందులోంచి అన్నీ పైకెక్కాయి. ఊళ్లోని మందలన్నీ రోజూ రెండుసార్లు అదే సందులోంచి ఎక్కి దిగడంతో, రెండు నెలలకే అక్కడి నేల గోకుడుపడి చిన్న వంక కట్టింది. మట్టి కొట్టుకుపోకుండా తవ్విన కందకమే మట్టి కొట్టుకుపోయే దారిని చేసింది. పెద్దాయన ఆ వంకలో నిలబడి చేతికర్రతో లోతు చూపిస్తూ, "గొర్రెకు దారి ఇడిసిపెట్టి తవ్వమని అడిగేటోడు ల్యాకపాయె నాయనా, మీరు గీత గీసిరి, వాళ్లు తవ్విరి" అన్నాడు. పిల్ల గొర్రెలు నీళ్లు నిండిన కందకంలో పడి చచ్చిపోయిన రెండు సంఘటనల గురించి ఆ రోజే విన్నాను. అప్పటిదాకా వాటి గురించి ఎవరూ నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరు అడిగారని తిరిగి అడిగాడు.

మొక్కల కథ ఇంకాస్త విచిత్రమైనది. గట్ల మీద నాటిన వాటిలో సింహభాగం కానుగ. కానుగ ఆకును మేకైనా సరిగా ముట్టదు కాబట్టి కాపలా లేకపోయినా మొక్క బతుకుతుంది, లెక్కలో బతికిన మొక్కల శాతం బాగుంటుంది. సంస్థ దృష్టిలో ఇది తెలివైన ఎంపిక. మేక ముట్టని చెట్టును మేత బీడులో నాటడం ఏమిటని అడిగింది ఆరు మేకలున్న ఒక కూలి ఆడమనిషి. ఆ గుంతలు తీసిన కూలీల్లో ఆమె కూడా ఉంది, కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్‌లో ఆమె సంతకం ఉంది. "గుంత తీసినందుకు దుడ్లు ఇచ్చినారు సార్, అది మంచిదే. మేకలకేం ఇచ్చినారు?" అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నీడ వస్తుందని, నూనె గింజ వస్తుందని ఏదో చెప్పాను. ఆమె కావాలన్నది నల్లతుమ్మ, రేగు. రెండూ ముళ్లవి, చిన్నప్పుడు మేకలు వదలవు, నాలుగేళ్లు కాపాడితే గానీ నిలబడవు. అందుకే అవి ఏ నర్సరీ జాబితాలోనూ లేవు.

ఈ రెండు దెబ్బలు తిన్న తర్వాత అభిప్రాయాలు తెలుసుకునే పద్ధతి మార్చాను. ప్రశ్నల పత్రం పక్కన పెట్టి, పంట పీకిన చేలల్లో మంద పెట్టిన చోటికి రాత్రి అన్నాలయ్యాక వెళ్లడం మొదలుపెట్టాను. కాపరులు కంబళి పరుచుకుని, చుట్టూ గొర్రెలు నెమరు వేస్తుంటే, తీరిగ్గా మాట్లాడే సమయం అదొక్కటే. ఆడవాళ్లతో కరువు పని విరామంలో, వేరుశనగ రైతులతో బోరు దగ్గర, బీడు అంచున దున్నుకుంటున్నవాళ్లతో వాళ్ల చేలోనే మాట్లాడాను. ఒకే పథకం గురించి ఒకే ఊళ్లో ఎన్ని రకాల మాటలున్నాయో అప్పుడు గానీ అర్థం కాలేదు. పథకాల కాగితాల్లో 'రైతులు' అని రాసే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు బతుకులున్నాయి.

బోరున్న రైతుకు కందకం మీద ఫిర్యాదు లేదు. వాన నీళ్లు గుట్ట మీదే ఇంకితే కింద తన బోరులో నీటిమట్టం నిలుస్తుందని ఆయన లెక్క, ఆ లెక్క తప్పు కాదు. బీడును పూర్తిగా మూసేసినా ఆయనకు బాధ లేదు, పైగా వానాకాలంలో మందలు చేల గట్ల పక్క నుంచి పోకపోతే పంట మీద పడే భయం తగ్గుతుంది. అయితే పంట పీకాక మాత్రం ఆయనకు మంద కావాలి. ఎరువు ధర చూశాక గొర్రె పెంట విలువ మరీ తెలిసింది. మందలన్నీ అమ్ముడుపోతే మీ చేలో మంద పెట్టేదెవరని అడిగితే ఆయన కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్నను గ్రామసభలో వేసి ఉంటే మొదటి తీర్మానం వేరుగా ఉండేదేమో.

బీడు అంచున ఎకరా, ఎకరన్నర దున్నుకుంటున్న కుటుంబాలు నాతో మాట్లాడటానికే జంకాయి. సంరక్షణ పథకం వస్తే సర్వే వస్తుంది, సర్వే వస్తే హద్దురాళ్లు పడతాయి, హద్దురాళ్లు పడితే తమ చేను పోతుంది. వాళ్లలో సగం మంది భూమిలేని దళిత కుటుంబాలు. ఇంకొందరు ఊళ్లో పది ఎకరాలున్నా బీడులోకి జరిగినవాళ్లు. ఈ ఇద్దరినీ 'ఆక్రమణదారులు' అనే ఒకే మాటతో పిలవడం నాకు నచ్చదు, కానీ ప్రభుత్వ రికార్డుకు వేరే మాట లేదు. బీడు విషయంలో మేము తేల్చలేకపోయినవాటిలో ఇది ముఖ్యమైనది.

కాపరుల మాటలే అన్నిటికంటే ఎక్కువ నేర్పాయి. వాళ్లు సంరక్షణకు అడ్డుపడతారన్నది కార్యాలయాల్లో అందరూ నమ్మే మాట. రాత్రి మంద దగ్గర విన్నది దానికి చాలా దూరం. బీడు చెడిందని అందరికంటే ముందు చెప్పింది వాళ్లే. బోదగడ్డి పోయి తంగేడు పెరగడం, గొర్రె ముట్టని చెట్టు ఎక్కువవుతున్నకొద్దీ నేల పాడవుతున్నట్టని వాళ్లకు తెలుసు. వాళ్ల కోపమంతా మూడేళ్లు మూత అన్న మాట మీదే. "వాన పడినప్పుడే మూస్తామంటే గొర్లను నెత్తిన పెట్టుకోవల్లనా సార్?" అని ఒక నడివయసు కాపరి అడిగాడు. మూడేళ్ల తర్వాత తెరిచేది ఎవరు, ఏ రోజున, మొదట ఎవరి మంద పోవాలి అన్నవాటికి మా దగ్గర కాగితం లేదు. మూతకు తేదీ ఉంది, తెరవడానికి లేదు. మూసిన బీడు మళ్లీ తమకు రాదని, ఏ నర్సరీకో గాలిమర కంపెనీకో పోతుందని వాళ్లు భయపడ్డారు. పక్క మండలాల్లో ఏం జరిగిందో చూసినవాళ్లకు ఆ భయం వట్టి అనుమానం కాదు. ఎన్.పి.కుంట ప్రాంతంలో 1,500 మెగావాట్లకు తలపెట్టిన సౌర పార్కుకు వేల ఎకరాలు పోయిన సంగతి వలస కాపరులు దారిపొడవునా చెప్పుకుంటారు.

ఒక రాత్రి మాట చిటుక రోగం మీదికి మళ్లింది. తొలకరి వానలకు మొలిచిన లేత పచ్చికను ఆత్రంగా మేసిన గొర్రె పొద్దున్నకు చచ్చి పడి ఉంటుంది. అందుకే మే నెలలోనే టీకాలు వేయిస్తారు, టీకా వేసినా అనుభవమున్న కాపరి తొలకరి పచ్చిక మీదికి మందను ఒక్కసారిగా వదలడు. పొద్దున ఎండు మేత కొంత తినిపించి, మంచు ఆరాక, వంతులవారీగా తోలుతాడు. ఈ మాట వింటుండగా నాకు తట్టింది ఏమిటంటే, గడ్డి వేరు నాటుకోవడానికి కావలసిన మొదటి కొద్ది వారాల విశ్రాంతిని కాపరి తన గొర్రె ప్రాణం కోసం ఇప్పటికే సగం ఇస్తున్నాడు. మా పథకం ఆ సగాన్ని పట్టుకోవలసింది పోయి, మూడేళ్ల గోడ కట్టాలని చూసింది. అదే మాట నేను పైకి అంటే, కందకం దగ్గర వంక చూపించిన పెద్దాయన నవ్వి, "పచ్చి కసువు రానీ, ఆరనీ, అని మేము ఎప్పుడూ అనేదే కదా" అన్నాడు.

అక్కడి నుంచి కొత్త ఏర్పాటు మొదలైంది. దీన్ని నేను గొప్ప నమూనాగా చెప్పడం లేదు, రెండు వానాకాలాలు నడిచిన ఒక సర్దుబాటు మాత్రమే. బీడును నీళ్ల దారులు, గొర్రెల దారులు చూసుకుని మూడు వంతులుగా విడగొట్టాము. ఏటా ఒక వంతుకు తొలకరి నుంచి గింజ రాలేదాకా మూత, మిగిలిన రెండు వంతులు మేతకు. మూడేళ్లలో ప్రతి వంతుకూ ఒక వానాకాలం విశ్రాంతి దొరుకుతుంది. హద్దుకు కంచె వేయలేదు. రాళ్లు కుప్పగా పేర్చి సున్నం కొట్టారు. ఎక్కడ పేర్చాలో కాపరులే చూపించారు. ప్రతి కందకానికీ మూడు చోట్ల తవ్విన మట్టితోనే పూడ్చి గొర్రెల బాటలు చేశారు. ఆ పూడ్చే పనికి బిల్లు పెట్టడానికి దారి దొరకలేదు, తవ్వినదాన్నే పూడ్చడానికి డబ్బు అడిగితే ఆడిట్ ఒప్పుకోదని కార్యాలయంలో చెప్పారు. కాపరులు రెండు రోజులు ఊరికే చేశారు. మేకలున్న ఆడవాళ్లు వంతుల పద్ధతికి ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టారు. మూసిన వంతులో కూడా గడ్డి కోసి నెత్తిన మోసుకెళ్లే హక్కు మేకలున్నవాళ్లకే ఉండాలని, బర్రెలున్న రైతులు ట్రాక్టర్ తేకూడదని. ఈ షరతు తీర్మానంలో చేరింది. నా అభిప్రాయంలో మొత్తం తీర్మానంలో అన్నిటికంటే తెలివైన వాక్యం అదే.

మొదటి ఏడాది అక్టోబరు చివర మూసిన వంతులో గజం చదరపు నేలలో గడ్డి కోసి చూశాము, తెరిచిన వంతులోనూ అంతే చోట కోశాము. లోపలిది గంపలో సగానికి వచ్చింది, బయటిది రెండు పిడికిళ్లు. తూకం వేయాలని ఎవరికీ అనిపించలేదు. ఒక్క ఏడాదికే బోదగడ్డి తిరిగి రాలేదు గానీ, తంగేడు పొదల మధ్య అక్కడక్కడ దాని పిలకలు కనిపించాయి. మేము చల్లిన స్టైలో మాత్రం చాలా తక్కువగా మొలిచింది, చీమలే ఎక్కువ మోసుకుపోయాయని కాపరులు అన్నారు. గింజను మట్టిలో కలిపి ఉండలు చేసి వానకు ముందు వేస్తే నిలిచేదని వాళ్లు చెప్పిన మాట రెండో ఏడాది పాటించాము, కొంత మెరుగైంది.

ఇక డబ్బు, కాలం సంగతి. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాల కింద సాధారణ ప్రాంతాల్లో వాటర్‌షెడ్ పథకానికి హెక్టారుకు 12 వేల రూపాయలు, నడిచే కాలం నాలుగు నుంచి ఏడేళ్లు. 2021 తర్వాతి కొత్త దశలో హెక్టారుకు 22 వేల వరకు పెంచి, కాలాన్ని మూడు నుంచి ఐదేళ్లకు కుదించారు. చెక్‌డ్యామ్ కట్టడానికి ఈ లెక్క బాగుంటుంది. మేత బీడుకు ఇది తలకిందుల లెక్క, ఎందుకంటే బీడుకు డబ్బు కంటే ఏళ్లు కావాలి. మూడు వంతులూ ఒక్కో చుట్టు విశ్రాంతి పూర్తయ్యేసరికే మూడేళ్లు అవుతాయి, ఆ లోపే కాపలాదారు జీతం ఆగిపోతుంది. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల మధ్య కల్పవల్లి పేరుతో గ్రామాలు 1990ల నుంచి కాపాడుకుంటున్న వేల ఎకరాల బీడును మా ఊరి కాపరులు కొందరు చూసి వచ్చారు. అక్కడ గడ్డి నిలబడింది ఒక పథకం కాలంలో కాదు, ఒక తరం ఓపికలో. ఆ నేల మీద కూడా తర్వాత గాలిమరలు వచ్చి నిలబడ్డాయని కూడా వాళ్లే చెప్పారు.

మూసినందుకు కాపరికి పరిహారం ఇవ్వాలా అన్న ప్రశ్న ఒక రాత్రి వచ్చింది. చైనాలో 2011 నుంచి 2015 దాకా గడ్డి మైదానాల్లో మేత పూర్తిగా మానేసినవాళ్లకు ప్రభుత్వం ఏటా 'మూ'కు ఆరు యువాన్లు, పరిమితికి లోబడి మేపుకునేవాళ్లకు ఒకటిన్నర యువాన్ ఇస్తూ వచ్చిందని, మూ అంటే హెక్టారులో పదిహేనో వంతని చెప్పాను. మన దగ్గర మూతకు పైసా ఇచ్చే పద్ధతి లేదు. కాపరులు ఆసక్తిగా విన్నారు, కానీ వాళ్ల జవాబు నేను ఊహించినది కాదు. డబ్బు ఇస్తే బీడు మీద పట్టా ఎవరిదో అడుగుతారని, పట్టా అడిగితే తమ పేరు ఎక్కడా ఉండదని ఒకాయన అన్నాడు. అటవీ హక్కుల చట్టం 2006లో మేత హక్కును, వలస కాపరుల రుతువారీ హక్కును స్పష్టంగా గుర్తించినా, అది అడవికే వర్తిస్తుంది. రెవెన్యూ పోరంబోకులో తరాలుగా మేపుకుంటున్న కాపరికి చూపుకోవడానికి ఒక్క కాగితమూ లేదు. వాళ్లు అడిగింది పరిహారం కాదు. ఈ గుట్ట మీద మేపుకునేది ఫలానా ఊరివాళ్లు అని పంచాయతీ పుస్తకంలో ఒక వాక్యం. ఆ వాక్యం రాయించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అది తీర్మానంగానే ఉంది, రెవెన్యూ రికార్డుకు ఎక్కలేదు.

తేలనివి ఇంకా ఉన్నాయి. కర్ణాటక వైపు నుంచి వచ్చే మందలకు వంతుల పద్ధతి తెలియదు. గత ఏడాది మూసిన వంతులోకి ఒక పెద్ద మంద రెండు రాత్రులు దిగితే, ఊరి కాపరులు గొడవపడి, చివరికి వచ్చినవాళ్లూ కురుబలే కావడంతో బంధుత్వాలు కలిపి పంపించేశారు. ప్రతిసారీ అలా సర్దుకుంటుందని నేను అనుకోవడం లేదు. బీడు అంచు చేల సర్వే వాయిదా పడుతూనే ఉంది, ఆ వాయిదా నిజానికి అందరికీ అనుకూలంగానే ఉంది.

ఈ వానాకాలం మూయవలసింది తూర్పు వంతు. గుట్ట మీది ఏకైక నీటి కుంట అందులోనే ఉంది. కుంటకు మందలు పోవడానికి వంతు మధ్యలోంచి ఒక దారి వదలాలని కాపరులు, దారి వదిలితే ఇక మూత ఎక్కడిదని బోరు రైతులు అంటున్నారు. కుంట నుంచి కిందికి పైపు వేసి తొట్టి కడదామని ఒక మాట వచ్చింది, దానికి ఎవరు డబ్బు పెడతారన్న దగ్గర ఆగింది. ఈసారి సభను రాత్రి ఎనిమిదింటికి, మంద దొడ్ల దగ్గరే పెట్టాలని నిర్ణయించాము. మొదటి దుక్కి వాన పడిన మర్నాడు కూర్చుంటారు.